1912 వరల్డ్ సిరీస్ ఆఖరి మ్యాచ్: ఓటమంతా స్నాడ్‌గ్రాస్ మీదే ఎందుకు వేశారు?

ప్రశ్న:
మేం బోస్టన్ వచ్చి మూడేళ్లయింది. నాకు క్రికెట్ తప్ప ఇంకేమీ తెలియదు, బేస్‌బాల్ ఆఫీసు వాళ్లు అలవాటు చేశారు. మొన్న శనివారం నాన్నగారిని ఫెన్‌వే పార్క్ చూపించడానికి తీసుకెళ్లాను. ఆ స్టేడియం తెరిచిన 1912లోనే వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్) ఆఖరి మ్యాచ్ అక్కడ జరిగిందట. న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు ఫ్రెడ్ స్నాడ్‌గ్రాస్ సులువైన క్యాచ్ వదిలేయడం వల్లే బోస్టన్ జట్టు రెడ్ సాక్స్ గెలిచిందని నెట్‌లో చదివి చెప్పాను. "ఒక్క క్యాచ్‌కే మ్యాచ్ పోతుందా? మిగతావాళ్లంతా ఏం చేస్తున్నార్రా?" అన్నారు. నాకు జవాబు తెలియలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
మీ నాన్నగారు అడగాల్సిందే అడిగారండి. ఆ పదో ఇన్నింగ్స్ గురించి నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, చదివిన ప్రతిసారీ స్నాడ్‌గ్రాస్‌కి అన్యాయం జరిగిందనే అనిపిస్తుంది.

అక్టోబర్ 16. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో అది ఎనిమిదో మ్యాచ్, ఎందుకంటే రెండోది చీకటి పడి 6-6 దగ్గర ఎటూ తేలకుండా ఆగిపోయింది. మామూలుగా ఆట ముగియాల్సిన తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి స్కోరు 1-1. పదో ఇన్నింగ్స్‌లో ఫ్రెడ్ మెర్కిల్ సింగిల్‌తో జెయింట్స్ 2-1కి వెళ్లింది. ఇప్పుడు బోస్టన్ బ్యాటింగ్, జెయింట్స్ తరఫున బంతి వేస్తున్నది క్రిస్టీ మాథ్యూసన్. ఇంక ముగ్గుర్ని అవుట్ చేస్తే చాలు.

బోస్టన్ బ్యాటర్ క్లైడ్ ఎంగిల్ గాల్లోకి కొట్టాడు. సెంటర్ ఫీల్డ్‌లో స్నాడ్‌గ్రాస్ బంతి కిందకి వచ్చి నిలబడ్డాడు, గ్లవ్‌లో పడింది, జారిపోయింది. ఎంగిల్ రెండో బేస్ చేరాడు. తప్పు జరిగిన మాట నిజం. కానీ తర్వాతి బ్యాటర్ హ్యారీ హూపర్ చాలా దూరం కొట్టిన బంతిని ఇదే స్నాడ్‌గ్రాస్ పరిగెత్తి పట్టాడు. చూసినవాళ్లు అద్భుతమన్న క్యాచ్ అది. దాన్నెవరూ తలుచుకోరు!

తర్వాత మాథ్యూసన్ బోస్టన్ బ్యాటర్ యెర్క్స్‌ని వాక్ చేశాడు, అంటే నాలుగు బంతులు పక్కకు వేసి ఊరికే ఫస్ట్ బేస్ ఇచ్చేశాడు. బంతి అనుకున్న చోట వేయడంలో పేరున్న పిచర్ ఆయన. అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. ట్రిస్ స్పీకర్ కొట్టిన బంతి ఫస్ట్ బేస్ వైపు, ఫౌల్ లైన్ (ఆట హద్దు గీత) బయట లేచింది, పడితే అవుటే. ఫస్ట్ బేస్ దగ్గరుండే మెర్కిల్‌కి అందే బంతి. మాథ్యూసన్ మాత్రం క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) మేయర్స్‌ని పిలిచాడు. మేయర్స్ అందుకోలేకపోయాడు, మెర్కిల్ ఆగిపోయాడు, బంతి నేల మీద పడింది. మన గల్లీలో నీదా నాదా అనుకుంటూ వదిలేస్తాం చూడండి, అచ్చం అలాగే. బతికిపోయిన స్పీకర్ సింగిల్ కొట్టాడు, ఎంగిల్ హోమ్ (బ్యాటర్ నిలబడే చోటు, అక్కడికి చేరితే పరుగు) చేరి స్కోరు 2-2 అయింది. తర్వాతి బ్యాటర్ లూయిస్‌ని కావాలనే వాక్ చేశారు. లారీ గార్డ్‌నర్ గాల్లోకి లోతుగా కొట్టిన బంతిని క్యాచ్ పట్టాక, యెర్క్స్ పరిగెత్తి హోమ్ చేరాడు. 3-2, అయిపోయింది.

జవాబు 2:
అన్నా, గ్లవ్ సంగతి కూడా చెప్పాలి. అప్పటి గ్లవ్‌కి ఇప్పటిలా వేళ్ల మధ్య వెడల్పాటి వల ఉండేది కాదు, చెయ్యి కన్నా కాస్త పెద్ద తోలు తొడుగు, అంతే. గెలిచిన జట్టుకొచ్చే డబ్బు వాటాకీ ఓడిన జట్టు వాటాకీ ఉన్న తేడా లెక్కగట్టి స్నాడ్‌గ్రాస్ వదిలేసిన ఆ బంతికి "30,000 డాలర్ల మఫ్" (జారవిడిచిన క్యాచ్) అని పేరు పెట్టేశారు. అప్పటికి స్నాడ్‌గ్రాస్‌కి 25 నిండడానికి ఇంకా మూడు రోజులుంది.

జవాబు 1:
నిజం. జెయింట్స్ మేనేజర్ జాన్ మెక్‌గ్రా అతన్ని ఒక్క మాట అనలేదు, పైగా జీతం పెంచాడు. స్నాడ్‌గ్రాస్ తర్వాత కాలిఫోర్నియాలో బ్యాంకు నడిపాడు, అక్కడి ఆక్స్‌నార్డ్ ఊరికి మేయర్ అయ్యాడు. 1974లో 86 ఏళ్లకు చనిపోతే న్యూయార్క్ టైమ్స్ హెడ్డింగ్‌లో మళ్లీ ఆ 1912 బంతినే రాసింది. 62 ఏళ్ల తర్వాత! నాకు అది చదివినప్పుడు చాలా బాధేసింది.

ప్రశ్న అడిగినవారు:
నాన్నగారికి మొత్తం చదివి వినిపించాను. హూపర్ కొట్టిన బంతి దగ్గర ఆపి మళ్లీ చదివించుకున్నారు. వచ్చే నెల మ్యాచ్‌కి సెంటర్ ఫీల్డ్ వెనక సీట్లు కావాలంటున్నారు, స్నాడ్‌గ్రాస్ పరిగెత్తిన వైపు కూర్చుంటారట. అటు ఏ సెక్షన్ తీసుకోవాలో ఎవరైనా చెబుతారా?