సమస్య (ఈ పాదంతో ముగిసేలా పద్యం పూరించాలి): "కదలకుండ నిలిచి కనకమొందె"

నిర్వాహకుడు: రాత్రి 1964 టోక్యో ఒలింపిక్స్ సైకిల్ పందేల గురించి చదువుతుంటే ఈ పాదం దానంతట అదే వచ్చి కూర్చుంది. ఇటలీ స్ప్రింటర్ జొవాన్ని పెత్తెనెల్లా తెలిసినవాళ్లకి దారి దొరికినట్టే.

పాలపిట్ట:
ఇటలి వీరుడొక్క డెదిరివానిని ముందు
నడువుమనుచు దాను నడక మాని
ఇరువదొక్క నిమిష మెదురెదురుగ నిల్చి
కదలకుండ నిలిచి కనకమొందె

సెమీఫైనల్లో ఫ్రాన్స్ రైడర్ ట్రెంటిన్, పెత్తెనెల్లా 21 నిమిషాల 57 సెకన్లు సైకిళ్ల మీదే నిలబడిపోయారు. ముందు పోయినవాడు గాలిని చీల్చాలి. వెనకవాడు ఆ చాటున వచ్చి చివర్లో దాటేస్తాడు.

గట్టు మాష్టారు: ఎత్తుగడ భేష్. కానీ మూడో పాదంలో "నిల్చి", వెంటనే "నిలిచి" ఏంటమ్మా? పైగా వాళ్లు ఎదురెదురుగా లేరు, ఇద్దరి ముఖాలూ ఒకే వైపు. "మెదురుచూపులతోడ" అంటే రెండూ సర్దుకుంటాయి.

పాలపిట్ట: ఒప్పుకుంటున్నాను మాష్టారూ, మార్చేస్తాను. పోయినవారం మీ ఐరావతం పద్యంలో యతి తప్పిందన్నందుకు మాత్రం మీరు మూడు రోజులు మాట్లాడలేదు!

గట్టు మాష్టారు: అక్కడ అఖండయతి, అంటే సంధి కలిసిన చోట పదాన్ని విడదీయకుండా వేసే యతి, వేశానని అప్పుడే చెప్పాను. సరే, నా పూరణ:

బ్రేకు లేని బండి పెడలు మీది పదము
తూకమందు నుంచి తొణకనీక
పక్కవాడు కదలు వరకు నోర్మిని బట్టి
కదలకుండ నిలిచి కనకమొందె

చిన్నోడు: నిలబడింది సెమీస్‌లో కదండీ? కనకం వచ్చింది ఫైనల్లో, తన దేశపువాడే అయిన బియాంకెత్తోని ఓడించాక.

గట్టు మాష్టారు: "నిలిచి" క్త్వార్థకం, అంటే భూతకాల అసమాపక క్రియ నాయనా. ముందు జరిగిన పని చెబుతుందంతే, మధ్యలో ఇంకో పందెం ఉండకూడదని కాదు. ఎదురుచూడ్డానికి పక్కన ఎవరూ లేని కిలోమీటరు పందెంలో అతనికి దక్కింది రజతమే. చూడు, ఓర్మి ఎక్కడ పనికొచ్చిందో!

పాలపిట్ట: "తొణకనీక" చాలా బాగుంది మాష్టారూ. ముందు చక్రం ట్రాక్ వాలు మీదికి తిప్పి, పెడల్‌ని వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ నొక్కుతూ నిలబడటం నిండు బిందె మోసినట్టే. ఈ మాట నాకు తట్టనందుకు బాధగా ఉంది.

నిర్వాహకుడు: 1968లో ఇటలీలోని వరేజెలో పెత్తెనెల్లా ఆ బియాంకెత్తోతోనే పోటీపడి గంటా 3 నిమిషాలు నిలబడ్డాడు. బియాంకెత్తో సొమ్మసిల్లి పడిపోయాడు. ఇప్పుడైతే 30 సెకన్లు దాటనివ్వరు. ఆ గంటని పద్యంలో ఎవరు ఇముడుస్తారు?

పాలపిట్ట: సాయంత్రానికి పెడతాను. మాష్టారూ, ఈలోపు ఆ ఐరావతం పాదం ఇంకోసారి చూడండి, అది అఖండయతి కాదు.