తాతగారు పుట్టింది శ్రీకాకుళం వైపు, మనవరాలి పాస్‌పోర్టు మలేసియాది: ఓసీఐకి ఏ కాగితాలు కావాలి?

కోరమంగళ_శ్రీ: మా ఆఫీసులో ఒకమ్మాయి మలేసియా పౌరురాలు. ఎంప్లాయ్‌మెంట్ వీసా మీద బెంగళూరులో ఉంది. తాతగారు 1920ల్లో అప్పటి విశాఖ జిల్లాలో పుట్టి మలయా తోటలకు వెళ్లారు. ఆయనకు భారత పాస్‌పోర్టు ఎప్పుడూ లేదు. తండ్రి పుట్టింది అక్కడే. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా, భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే కార్డు) వస్తుందా? ఇక్కడి నుంచే అప్లై చేయొచ్చా?

టీనగర్_మూర్తి: అర్హత ఉందండి. తాతగారికి పాస్‌పోర్టు లేకపోవడం అడ్డు కాదు. పౌరసత్వ చట్టం సెక్షన్ 7ఎ ప్రకారం 26-1-1950 నాడు గానీ ఆ తర్వాత గానీ భారత పౌరులుగా ఉన్నవాళ్లు ఒక రకం. ఆ రోజుకు పౌరులయ్యే అర్హత ఉండీ కానివాళ్లు రెండో రకం. 15-8-1947 తర్వాత మన దేశంలో కలిసిన ప్రాంతాలవాళ్లు మూడో రకం. వీళ్ల పిల్లలకు, మనుమలకు, మునిమనుమలకు కూడా ఓసీఐ ఇస్తారు.

మలయా, ఫిజీ వెళ్లినవాళ్లు చాలావరకు రెండో రకం. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం చెప్పిన ఇండియాలో తాను గానీ, అమ్మానాన్నలు గానీ, తాతమ్మమ్మలు గానీ పుట్టి, బయటి దేశంలో స్థిరపడినా అర్హతే. ఆ ఇండియాలో బర్మా లేదు, 1937 ఏప్రిల్ 1న విడిపోయింది. అందుకని రంగూన్‌లో పుట్టిన తాతగారైతే ఇంకో తరం వెనక్కి వెళ్లి, ఆయన తల్లిదండ్రుల ఊరు చూపించాలి. ఫారంలో ఒక రకం ఎంచుకుని కాగితాలు మరో రకానివి పెడితే మాత్రం ప్రశ్నలు తప్పవు.

వంశంలో ముత్తాతల దాకా ఎవరైనా పాకిస్తాన్ లేదా బంగ్లాదేశ్ పౌరులైతే అక్కడితో సరి, రాదు.

పాతరికార్డులు: అర్హత సంగతి మూర్తిగారు చెప్పేశారు. అసలు తిప్పలు కాగితాల దగ్గరే. రెండు విషయాలు విడివిడిగా రుజువు చేయాలి. ఒకటి, తాతగారు ఇక్కడివారని. రెండు, ఆయనకు ఈ అమ్మాయి మనవరాలని.

రెండోది తేలిక. అమ్మాయి జన్మ ధ్రువపత్రంలో తండ్రి పేరు, తండ్రి జన్మ ధ్రువపత్రంలో తాతగారి పేరు ఉంటే చాలు. తల్లి వైపు తాత అయితే అమ్మ పెళ్లి సర్టిఫికెట్ కూడా పెట్టండి, పేరు మారి ఉండొచ్చు.

మొదటిదానికి తహసీల్దారు ఇచ్చే నేటివిటీ సర్టిఫికెట్ మంచి ఆధారం. అది ఇవ్వాలంటే ఆయనకు పాత కాగితం చూపాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1899 చట్టం కింద పుట్టుకలు నమోదయ్యేవి, కానీ ఆ రిజిస్టర్లలో చాలాచోట్ల బిడ్డ పేరు ఉండదు. తండ్రి పేరు, "మగ శిశువు" అని మాత్రమే ఉంటుంది. అందుకని ఒక్క పుట్టుక రిజిస్టరునే నమ్ముకోకుండా బడి అడ్మిషన్ రిజిస్టరు నకలు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత దస్తావేజుల సర్టిఫైడ్ కాపీలు కూడా వెతికించండి. దస్తావేజులో "ఫలానా గ్రామ కాపురస్తులు ఫలానా వారి కుమారులు" అని ఉంటుంది కాబట్టి ఊరూ తండ్రి పేరూ ఒకేచోట దొరుకుతాయి. ఆర్‌.ఎస్‌.ఆర్‌., అడంగల్ అనే పాత భూమి రికార్డులు పొలం సంగతి చెబుతాయి గానీ పుట్టుక సంగతి చెప్పవు. తోడుగా పెట్టుకోవచ్చు, అంతే. మలేసియా వైపు తాతగారి పౌరసత్వ సర్టిఫికెట్‌లో పుట్టిన దేశం, ఊరు రాసి ఉంటే అది బంగారం.

జిల్లా పేరు దగ్గర జాగ్రత్త. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం 1979లో ఏర్పడ్డాయి, 2022లో మళ్లీ విడదీశారు. పాత కాగితంలో "విజగపటం (విశాఖపట్నం) జిల్లా" అనో "చికాకోల్ (శ్రీకాకుళం) తాలూకా" అనో ఉన్న ఊరు ఇవాళ ఏ మండలంలో ఉందో ముందు తేల్చుకోండి. వేరే తహసీల్దారు దగ్గరికి వెళ్తే తిప్పి పంపుతారు.

పేర్ల సంగతి ఇంకా ఘోరం. ఊళ్లో "సన్యాసి అప్పలనాయుడు", తోట గుమస్తా రాతలో "అప్పన్న". ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ ఒక్కటి రాసి ఊరుకుంటే చాలదు. రెండు కాగితాల్లోనూ తండ్రి పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం కలిసేలా చూసుకుని, ఆ పైన అఫిడవిట్ పెట్టాలి. తెలుగు కాగితాలకు నోటరీ చేసిన ఇంగ్లీషు అనువాదం జతచేయండి.

దయచేసి చనిపోయిన తాతగారి పేరిట కొత్తగా ఆలస్యపు జనన నమోదు చేయించకండి. దానికి మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. అది వచ్చినా, నిన్నటి తేదీ ఉన్న కాగితం నూరేళ్ల కిందటి పుట్టుకకు ఎంత సాక్ష్యమవుతుంది?

కోరమంగళ_శ్రీ: ఇంత వివరం ఎక్కడా దొరకలేదండి. మరి అప్లికేషన్?

టీనగర్_మూర్తి: ఓసీఐ సర్వీసెస్ సైట్‌లో పార్ట్ ఎ, పార్ట్ బి నింపి కాగితాలు అప్‌లోడ్ చేయాలి. ఇక్కడ ఫీజు 15,000 రూపాయలు, విదేశంలో అయితే 275 డాలర్లు. ఫొటో చతురస్రంగా ఉండాలి. సంతకం స్కాన్ ఎత్తుకు మూడింతలు వెడల్పు ఉండాలి, ఇక్కడే చాలామందికి అప్‌లోడ్ ఆగిపోతుంది. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, "ఎ/పి" (మలయ్ భాషలో "ఫలానావారి కూతురు" అని) ఉంటే దానితో సహా. పాస్‌పోర్టు కనీసం ఆరు నెలలు చెల్లాలి. బెంగళూరు ఎఫ్‌.ఆర్‌.ఆర్‌.ఓ. (విదేశీయుల నమోదు కార్యాలయం, ఇక్కడి దరఖాస్తులు చూసేది ఇదే) శాంతినగర్ బీఎంటీసీ బస్టాండు భవనంలో ఉంది, చెన్నైది హాడోస్ రోడ్డు శాస్త్రి భవన్‌లో. ఒరిజినల్స్ అన్నీ దగ్గర పెట్టుకోవాలి. మిషనరీ, పర్వతారోహణ వీసాల మీద ఉన్నవాళ్లు ఇక్కడ అప్లై చేయలేరు.

పెరంబూరు_రవి: మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా వీధిలో ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఉంది. వాళ్ల ముత్తాత ఇంగ్లండ్‌లో పుట్టాడట. ఇలాంటిదే బ్రిటన్‌కి ఉందా?

పాతరికార్డులు: ఉంది, యూకే ఆన్సెస్ట్రీ వీసా. కానీ ముత్తాత పనికిరాడు. తాత, నానమ్మ, అమ్మమ్మల్లో ఒకరు బ్రిటన్‌లోనే పుట్టి ఉండాలి. మద్రాసులో పుట్టిన తెల్లదొర అయినా లాభం లేదు. అప్లై చేసేవాళ్లు 17 నిండిన కామన్వెల్త్ పౌరులై, అక్కడ పని చేసుకునే ఉద్దేశం చూపించాలి. ఐదేళ్లకు ఇస్తారు.

యానాం_బుజ్జి: మూర్తిగారు చెప్పిన మూడో రకంలో మా యానాం ఉందండోయ్. 1962 ఆగస్టు 16న చట్టబద్ధంగా కలిసింది. ఆ రోజుకు ఫ్రాన్స్‌లోనో సైగాన్‌లోనో ఉంటున్న యానాం వాళ్లు ఫ్రెంచివాళ్లుగానే మిగిలారు. ఇక్కడున్నవాళ్లకు ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకోవడానికి ఆరు నెలలు ఇచ్చారు. వాళ్ల మనుమలు ఓసీఐకి ఈ దారిలో రావాలి. తాతగారి పుట్టుకకు యానాం ఫ్రెంచి సివిల్ రిజిస్టరు నకలు తీస్తే పేరు, తల్లిదండ్రులు అన్నీ ఉంటాయి.

కోరమంగళ_శ్రీ: చివరిగా ఒకటి. ఓసీఐ వస్తే ఊళ్లో తాతగారి పొలం?

టీనగర్_మూర్తి: వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. కొత్తగా వ్యవసాయ భూమి కొనకూడదు. ఓటు లేదు, ఎందుకంటే ఇది పౌరసత్వం కాదు. అది కావాలంటే ఓసీఐ వచ్చి ఐదేళ్లు నిండాక, అప్లై చేసే ముందు ఏడాది ఇక్కడే ఉండి, సెక్షన్ 5(1)(జి) కింద అడగాలి. అప్పుడు మలేసియా పాస్‌పోర్టు వదులుకోవాలి.