333667 ప్రధాన సంఖ్య అని తొమ్మిదో తరగతి పిల్లకి ఎలా చూపించాలి?

లెక్కలు తెలిసిన పెద్దలకు నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నిన్న కరెంటు పోతే అరుగు మీద కూర్చుని, మా అమ్మాయిని 111111111కి కారణాంకాలు కనుక్కోమన్నాను. 9తో భాగిస్తే 12345679 వచ్చింది. అందులో 8 లేదని చూసి ఎగిరి గంతేసింది! దాన్ని 37తో భాగిస్తే 333667. అక్కడే ఆగిపోయాం.

అది ప్రధాన సంఖ్యేనని నాకు తెలుసు. కానీ చేత్తో చూపించాలంటే 577 వరకు 106 ప్రధాన సంఖ్యలతో భాగించాలి. క్యాలెండర్ వెనక పేజీ ఇప్పటికే నిండిపోయింది. 19, 73, 109 లాగా 18తో భాగిస్తే 1 మిగిలేవాటితో చూస్తే చాలని మా తమ్ముడు అంటున్నాడు. అది నిజమైతే, ఎందుకో పిల్లకి అర్థమయ్యేలా చెప్పగలరా? కారణం తెలియకుండా తను ఒప్పుకోదు, నాకూ ఒప్పించాలని లేదు.