బేస్‌మెంట్ పార్కింగ్‌లో కారు ఛార్జింగ్: ఏ వైరు, ఏ బ్రేకరు?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు): మీటర్ రూమ్ నుంచి మా పార్కింగ్‌కి 40 మీటర్లు. ఎలక్ట్రీషియన్ 2.5 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల మందం) వైరు చాలంటున్నాడు. 3.3 కిలోవాట్ ఛార్జర్‌కి సరిపోతుందా? తర్వాత 7.2 పెట్టాలంటే?

జవాబు: చాలదండీ. ఆ ఛార్జర్ 15 ఆంపియర్లు లాగుతుంది, గీజర్‌లా పావుగంట కాదు, రాత్రంతా. పోనూ రానూ 80 మీటర్ల రాగి. 2.5 వైరులో దాదాపు 9 వోల్టులు దారిలోనే పోతాయి, 4 ఎస్‌క్యూ ఎంఎం వైరులో ఐదున్నర. 7.2 ఆలోచన ఉంటే ఇప్పుడే 10 ఎస్‌క్యూ ఎంఎం వైరు లాగించేయండి, రెండోసారి పైపు విప్పే బాధ తప్పుతుంది.

జవాబు: వైరు సరే, అసలు తంటా ఎర్తింగ్‌తోనే. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. మూడు వోల్టులు దాటితే కొన్ని ఛార్జర్లు ఎర్ర లైటు వేసి ఆగిపోతాయి. అప్పుడు సాకెట్‌లోనే న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపేసే "చిట్కా" చెప్తారు. ఒప్పుకోకండి! వెనకాల న్యూట్రల్ తెగితే కారు బాడీకే కరెంటు వస్తుంది. ఎర్త్ పిట్ (ఎర్త్ వైరుని నేలలోకి దింపే గుంట) బాగుచేయించడమే మార్గం. బ్రేకరు విషయానికొస్తే, ఆర్‌సీబీవో (లీకేజీ వచ్చినా, లోడ్ ఎక్కువైనా కరెంటు ఆపేసే బ్రేకరు) 30 మిల్లీఆంపియర్లది, టైప్ ఏ తీసుకోండి. ఛార్జర్ నుంచి డీసీ లీకేజీ కలిస్తే టైప్ ఏసీ బ్రేకరు ట్రిప్ అవకపోవచ్చు.

ప్రశ్నించినవారు: థాంక్సండీ. ప్లగ్గు వేడెక్కితే?

జవాబు: సాకెట్ లోపల స్క్రూ వదులై ఉంటుంది. గంట ఛార్జింగ్ తర్వాత చెయ్యి పెట్టి చూడండి, కాలితే ఆపి బిగించాలి. నల్లబడిన సాకెట్ మార్చేయడమే. 7.2కి వెళ్లేముందు బెస్కామ్‌లో (బెంగళూరు కరెంటు సంస్థ) శాంక్షన్డ్ లోడ్, అంటే మీ కనెక్షన్‌కి అనుమతించిన లోడ్, పెంచుకోండి.