‘కోలా ఎలుగుబంటి’ అనొచ్చా?

పిల్లల బొమ్మల పుస్తకానికి తెలుగు వాక్యాలు రాస్తున్నానండి. ఇంగ్లీషులో ‘కోలా బేర్’ అని ఉంది. ‘కోలా ఎలుగుబంటి’ అని రాసేయనా, ఒట్టి ‘కోలా’ చాలా?

— ఒట్టి కోలా చాలండి. ఎలుగుబంటితో దానికి చుట్టరికమే లేదు. బతికున్నవాటిలో దగ్గరి చుట్టం వాంబాట్, నేలలో బొరియలు తవ్వుకునే జంతువు. వాంబాట్ పొట్టమీద పిల్లని పెంచే సంచి మూతి వెనక్కి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి లోపల పడకుండా. కోలా ఉండేది యూకలిప్టస్ చెట్ల మీద, అయినా దాని సంచీ కంగారూకి ఉన్నట్టు పైకి కాక కిందివైపే తెరుచుకుంటుంది. పిల్ల జారిపడదా అంటే, మూతి చుట్టూ ఉన్న కండరం బిగించి పట్టుకుంటుంది.

— మరి శాస్త్రీయ నామంలోనే ఎలుగు ఉందిగా? ఫాస్కొలార్క్టోస్ అంటే గ్రీకులో ‘సంచి ఎలుగు’ అనేగా!

— ఉంది. 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లాంవిల్ కోలా రూపు చూసి పెట్టిన పేరు. పక్కనున్న ‘సినేరియస్’ అంటే బూడిద రంగుది. అర్థం తప్పినంత మాత్రాన శాస్త్రీయ నామాలు మార్చరు. వర్గీకరణలో మాత్రం కోలా డైప్రోటోడాన్షియా క్రమంలోకి వస్తుంది, కంగారూలూ పోసమ్‌లూ అందులోవే. ఫాస్కొలార్క్టిడే కుటుంబంలో ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే.

— కోలా, కంగారూల వర్గాన్ని ఇంగ్లీషులో మార్సూపియల్ అంటారుగా, దానికి ఏం రాయాలి? ‘సంచి జంతువులు’ బాగానే ఉంది కదా?

— పిల్లలకి బాగుంటుంది. పెద్దవాళ్లకైతే ‘శిశుకోశ క్షీరదాలు’ అనండి. రెండూ నూటికి నూరుపాళ్లు సరిపోవు, నంబాట్ అనే ఆస్ట్రేలియా జంతువు కూడా మార్సూపియలే కానీ దానికి సంచే లేదు. అసలు విశేషం పుట్టుకలో ఉంది. కోలా గర్భం సుమారు 35 రోజులే. పుట్టే పిల్ల రెండు సెంటీమీటర్లు, బరువు గ్రాము కూడా ఉండదు. కళ్లు తెరవకుండానే తల్లి బొచ్చు పట్టుకుని పాకుతూ సంచిలోకి చేరి, చనుమొనకి అతుక్కుపోతుంది. పాలిచ్చి పెంచుతుంది కాబట్టి క్షీరదమే, కాకపోతే మన కడుపులో జరిగే ఎదుగుదలలో చాలా భాగం దానికి సంచిలో జరుగుతుంది.

— ఇంకో మాట. కంగారూకి దీర్ఘం మర్చిపోకండి. ‘తల్లికి కంగారు, పిల్లకి కంగారు’ అని చదివి మా బుడ్డోడు ఎందుకు భయపడ్డాయని అడిగాడు.

— హహ, పెట్టేశానండి. కోలా పేజీలో వాక్యం ఇలా ఉంచుతున్నాను: ‘కోలా పిల్ల ఆరేడు నెలలు అమ్మ పొట్టసంచిలో పెరిగి, తర్వాత అమ్మ వీపెక్కుతుంది.’