వాన పడితే బాత్‌రూములోకి మురుగు ఎదురు తన్నుతోంది. పెద్ద పైపు వేయిస్తే సరిపోతుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లో మా కాలనీ ఒక చెరువు కట్ట కింద ఉంది. గంటసేపు గట్టి వాన కురిస్తే వీధిలో మోకాలి లోతు నీరు నిలుస్తోంది, కింది అంతస్తుల్లోకి మురుగు తన్నుకొస్తోంది. డ్రైనేజీ పైపు తీసి పెద్దది వేయించాలని సంఘంలో అనుకుంటున్నాము. తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

సమాధానం: పైపు సంగతి తరువాత చూద్దామండీ, ముందు మీ డాబాల మీది నీరు ఎక్కడికి దిగుతోందో చూడండి. డ్రైనేజీ లైను ఇళ్లలో వాడి వదిలే నీటి కోసం వేసినది. 200 గజాల డాబా మీద 5 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 8,000 లీటర్లు దిగుతాయి కనుక, యాభై ఇళ్లవారు డాబా నీటి గొట్టాన్ని డ్రైనేజీ ఛాంబర్‌లోకి కలిపి ఉంటే నాలుగు లక్షల లీటర్లు ఒక్కసారిగా అందులో పడతాయి. మీ ఇంట్లోకి వస్తున్నది చాలావరకు అదే అయి ఉండవచ్చు. నీరు నిలిచినప్పుడు మ్యాన్‌హోల్ మూత తీసేయడం కూడా వాననీటిని డ్రైనేజీలోకి పంపడమే, పైగా ప్రాణాంతకం. ఆ పని మానేసి నగరంలో నీరు, మురుగు చూసే జలమండలి 155313కు ఫోన్ చేయండి.

ఇక మీ వీధి వాననీటి కాలువ నాలాలో (పెద్ద కాలువలో) కలిసే చోటికి వెళ్లి, మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో మట్టం చూపించండి. వానకు నాలా నిండి ఆ మూతి మునిగిపోతుంటే, పెద్ద పైపు వేసినందువల్ల నాలా నీరే మరింత ధారాళంగా మీ వీధిలోకి వస్తుంది. అక్కడ కావలసింది నీటిని బయటికి మాత్రమే వదిలే తలుపు, నాలాలో పూడికతీత. మన చెరువులు గొలుసుకట్టువి కాబట్టి, చెరువు నిండాక అలుగు మీంచి పొర్లిన నీరు కింది చెరువుకు పోయే కాలువ గ్రామ నక్షాలో ఎక్కడుందో, నేల మీద ఎంత మిగిలిందో పోల్చి చూడండి. 10 మీటర్లకు మించిన వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు కట్టడం లేకుండా వదలాలని 2012 నాటి భవన నిబంధనలు చెబుతున్నాయి. మురుగు లైనుకు జలమండలికి, వాననీటి నాలాకు మున్సిపల్ కార్పొరేషన్‌కు విడివిడిగా అర్జీ పెట్టండి. ఒకే కాగితం మీద రెండూ రాస్తే అది అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: కృతజ్ఞతలండీ. ఇంకుడు గుంతలు తవ్వితే ఉపయోగం ఉంటుందా?

సమాధానం: ఎగువ కాలనీలవారు తవ్వితే మీకు మేలు. కట్ట కింద వానాకాలంలో భూగర్భజలం పైకే ఉంటుంది కాబట్టి మీ గుంతలో నీరు త్వరగా ఇంకదు. ఈలోగా ఇంటి ఛాంబర్‌లో, మురుగును వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించుకోండి. అది మూసుకున్నంతసేపు మీ నీరూ బయటికి పోదు కనుక, వాన తగ్గేదాకా కుళాయిలు కట్టేయవలసిందే.