"ఎప్పటికేది ప్రస్తుత..." : ఏదా, ఎయ్యదా? అసలు ప్రస్తుతమంటే ఇప్పుడేనా?

అరసున్న:
ఫ్రంటెండ్ ఫ్రేమ్‌వర్క్ (వెబ్ తెరల్ని కట్టే చట్రం) ఎంపిక మీద రాస్తున్న పత్రానికి తలమీద ఒక పద్యపాదం పెట్టాలి. సుమతీ శతకంలోదే, అందరికీ వచ్చిందే. "ఎప్పటికేది ప్రస్తుత మప్పటికా మాటలాడి" అని నోట్లో ఆడుతోంది గానీ మొదటి పాదం ఎక్కడో కుంటుతోంది. మూడో పాదంలో నొప్పించకా, నొప్పింపకా? అసలు చిక్కు ఇది కూడా కాదు. ప్రస్తుతం అన్న మాటని చదివేవాళ్ళు "ఇప్పుడు నడుస్తున్నది" అని తీసుకుంటే పత్రం తెరవకముందే తీర్పు ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్న రియాక్ట్ వైపు ఒరిగిపోతుంది. కవి అన్నది అదేనా?

యతిమైత్రి:
కుంటేది రెండో గణం దగ్గర. ఎప్పటి, కెయ్యది, ప్రస్తుత: మూడూ భగణాలే (గురువు, రెండు లఘువులు), తలా నాలుగు మాత్రలు. మీ "కేది"కి మూడే మాత్రలు. "ఎయ్యది" అని దిద్దుకోండి. నొప్పింపక అన్నది పాత రూపం, కావింపక, చేయింపక లాగే. నొప్పించక అన్నా గణం చెడదు కాబట్టి జనం నోట అదీ బతికింది.

శకటరేఫం:
"కేదీ" అని సాగదీస్తే గగం (రెండు గురువులు) అయి కూర్చుంటుంది కదా. తూకం సరి.

యతిమైత్రి:
తూకం సరే. ఆ తర్వాత "కాదు" అని కూడా చేర్చుకోవాల్సి వస్తుంది.

ద్రుతం:
ప్రస్తుతానికి ఇక్కడ కాలంతో పని లేదు. ప్రస్తావనలో ఉన్నది, ఎత్తుకున్న విషయం: అదీ సంస్కృతార్థం. అలంకారాల్లో అప్రస్తుతప్రశంస ఉంది కదా, అందులో అప్రస్తుతమంటే "ఇప్పటిది కానిది" అని ఎవరూ చెప్పరు. వింత ఏమిటంటే వాడుకలో ప్రస్తుతం కాలానికి జారిపోయింది గానీ అప్రస్తుతం మాత్రం పాత చోటే నిలబడి ఉంది. "అప్రస్తుత ప్రసంగం" అంటే నేటికీ సందర్భం లేని మాటే. కాబట్టి పద్యం చెప్పేది "ఎప్పుడు ఏ పని ఎత్తుకుంటే దానికి తగ్గది" అని.

ఆ అర్థంలో చూస్తే మీ పత్రానికి ఇంతకన్నా మంచి పాదం దొరకదు. ఎత్తుకున్న పని నలభై పేజీల సమాచారం, ఒక్క ఫారం అయితే అక్కడ రియాక్ట్ అప్రస్తుతం. సమాచార పేజీలకి పనికొచ్చే ఆస్ట్రో చాలు, కొన్నిసార్లు ఉత్త హెచ్‌టీఎంఎల్ చాలు. పని లోపలివాళ్ళు రోజంతా వాడే అరవై ఫారాల పరిపాలనా తెర, దాని మీద మూడు బృందాలు చెయ్యి వేస్తాయి అంటే యాంగ్యులర్ ప్రస్తుతం. రౌటర్ (చిరునామాకి తగ్గ తెర చూపేది), ఫారాలు, హెచ్‌టీటీపీ క్లయింటు (సర్వరుని పిలిచేది), డిపెండెన్సీ ఇంజెక్షన్ (కావలసిన భాగాల్ని బయటినుంచి అందించే పద్ధతి) అన్నీ ఒకే గూటిలోవి, కాబట్టి బృందానికో పద్ధతి మొలవదు. వ్యూ మధ్యస్థం: రౌటరూ, స్థితికి (తెర గుర్తుంచుకునే డేటాకి) పీనియా అధికారికంగానే ఉన్నాయి, మిగతాది మీ ఇష్టం. రియాక్ట్ తనని తాను లైబ్రరీ అనే చెప్పుకుంటుంది. దాన్ని ఎంచుకోవడమంటే ఒక ఎంపిక కాదు. రౌటింగు, ఫారాలు, సర్వర్ డేటా, స్టైలింగు కలిపి ఇంకో నాలుగైదు ఎంపికలు. పత్రంలో ఆ నాలుగైదూ పేరుపేరునా రాయకపోతే ఎంపిక పూర్తి కానట్టే.

వట్రసుడి:
ద్రుతం గారి అర్థం ఒప్పే. కానీ పాదంలో బరువున్నది ప్రస్తుతం మీద కాదు, "ఎప్పటికి" మీద. "ఎప్పటికి వస్తావు" అంటే ఏ సమయానికల్లా అని కదా. ఉత్త "ఎప్పుడు" అనలేదు, కవి "కి" వేశాడు. ఎప్పటిదాకా పనికి రావాలో తేల్చుకుని ఆ తర్వాత మాట్లాడమనే.

ఫ్రేమ్‌వర్కుకి వయసు చూడరు, ఆయుర్దాయం చూస్తారు. యాంగ్యులర్ ఆరు నెలలకో పెద్ద వెర్షను వదులుతుంది, ఒక్కోదానికి మద్దతు 18 నెలలు. అంటే ఏడాదికి ఒకసారైనా అప్‌గ్రేడుకి కొన్ని రోజులు లెక్కలో రాసుకోవాలి. రెండేళ్ళు ముట్టుకోకుండా వదిలేస్తే వెర్షన్లు ఒక్కొక్కటిగా ఎక్కుతూ రావాలి, దూకడం కుదరదు. పాత యాంగ్యులర్‌జేఎస్‌కి మద్దతు 2021 డిసెంబరు 31తో తీరింది, వ్యూ 2కి 2023 డిసెంబరు 31తో. రియాక్ట్ నిలిచే ఉన్నా, కొత్త ప్రాజెక్టుకి ఏళ్ళ తరబడి అందరూ వాడిన క్రియేట్ రియాక్ట్ యాప్‌ని 2025 ఫిబ్రవరిలో పక్కన పెట్టారు. చట్రం బతికి ఉన్నా చట్రాన్ని కట్టే పనిముట్టు పోవచ్చు.

ద్రుతం:
వెనకాలే "అప్పటికి" అని జత ఉందండీ. ఎప్పుడో, అప్పుడు. ఇందులో ఆయుర్దాయం ఎక్కడిది?

వట్రసుడి:
జత ఉంటే మాత్రం ఆ "కి" ఆవిరైపోతుందా?

గసడదవ:
మీరు మొదటి పాదం దగ్గరే కూర్చున్నారు, పద్యమంతా మూడో పాదంలో ఉంటే. నొప్పింపక, తా నొవ్వక. ఎదుటివాడిని నొప్పించకూడదు, తాను నొచ్చుకోకూడదు. వాడేవాళ్ళ నొప్పి ఒకటి, రాసేవాళ్ళ నొప్పి ఒకటి. ఎంపిక పత్రాలన్నీ రెండోదాని గురించే రాస్తాయి.

మొదటి నొప్పికి కొలతలున్నాయి. పేజీలో ప్రధానమైన భాగం 2.5 సెకన్లలోపు కనపడాలి, నొక్కిన దానికి స్పందన 200 మిల్లీసెకన్లలోపు రావాలి, పేజీ కుదుపు స్కోరు 0.1 దాటకూడదు, వచ్చినవాళ్ళలో 75 శాతానికి ఇలా ఉంటే బాగున్నట్టు. 2024 మార్చి నుంచి మొదటి నొక్కు ఒక్కటే కాకుండా పేజీలో ఉన్నంతసేపూ జరిగే నొక్కులన్నీ లెక్కలోకి వస్తున్నాయి. ఫ్రేమ్‌వర్క్ బరువు బయటపడేది అక్కడే.

చర్చ మానేసి ఒకే చిన్న పనిని రెండింటిలో కట్టి చూడమనండి. వెయ్యి వరుసల పట్టిక, దానిపైన వడపోత పెట్టె, ఎనిమిది గడుల ఫారం, లాగిన్ లేకపోతే తెరుచుకోని ఒక పేజీ. ఒక్కోదానికి రెండు రోజులు, అంతకు మించి వద్దు. కొలిచేటప్పుడు డెవలప్‌మెంట్ మోడ్ కాదు, వాడేవాళ్ళకి వెళ్ళే ప్రొడక్షన్ బిల్డే కొలవాలి. రియాక్ట్ స్ట్రిక్ట్ మోడ్ డెవలప్‌మెంటులో కాంపోనెంట్లనీ (తెర ముక్కలు) ఎఫెక్టులనీ (గీశాక నడిచే కోడు) తప్పులు పట్టడానికి రెండేసిసార్లు నడిపిస్తుంది, ఆ లెక్క పట్టుకుని తిట్టడం అన్యాయం. బ్రౌజరు పనితీరు పలకలో సీపీయూని నాలుగు రెట్లు నెమ్మది చేయండి, నెట్‌వర్కుని కూడా తగ్గించండి, వడపోత పెట్టెలో గబగబా ఆరు అక్షరాలు కొట్టండి. రియాక్ట్‌లో మామూలుగా రాస్తే ప్రతి అక్షరానికీ వెయ్యి వరుసలూ మళ్ళీ లెక్కకొస్తాయి, టైపింగు ఆగి ఆగి నడుస్తుంది. కనపడే ముప్పై వరుసల్నే గీయించడమో, యూజ్‌డిఫర్డ్‌వాల్యూతో జాబితాని వెనక నడిపించడమో చేయాలి. అక్కడే ఇంకో గుంట: వరుసకి కీగా (గుర్తింపుగా) సూచిక సంఖ్య ఇస్తే, వడపోశాక ఒక వరుసలో టిక్కు పెట్టినది ఇంకో వరుసకి అంటుకుంటుంది. డేటాలోని ఐడీ ఇవ్వాలి. యాంగ్యులర్ 17తో వచ్చిన ఫర్ బ్లాకులో (జాబితా గీసేది) ట్రాక్ (ఆ గుర్తింపు) రాయకపోతే కంపైలే కాదు, ఆ ఒక్క మొండితనానికి దండం పెట్టవచ్చు. వ్యూలో తంటా ఇంకో రకం: రియాక్టివ్ వస్తువులోంచి ఒక విలువని విడదీసి వేరే పేరుకి ఇస్తే దాని ప్రాణం పోతుంది, తెర మారదు. టూరెఫ్స్ అనే ఫంక్షను‌తో విడదీయాలి.

శకటరేఫం:
బరువు సంగతి వదిలేశారు. రియాక్ట్, రియాక్ట్‌డామ్ కలిపి జిప్ చేశాక కూడా 40 కేబీ దాటతాయి. అదే పద్ధతిలో రాసే ప్రియాక్ట్ తనని తాను 3 కేబీ అని చెప్పుకుంటుంది.

గసడదవ:
వదిలేసింది కావాలనే. ఒక క్యాలెండరు విడ్జెట్టు, ఒక తేదీల లైబ్రరీ, ఒక చార్టు తగిలిస్తే ఆ తేడా ఎక్కడ ఉందో వెతుక్కోవాలి. బిల్డు పనిముట్టు వీట్‌లో బిల్డు చేస్తే ప్రతి ఫైలు పక్కన జిప్ కొలత చూపిస్తుంది. రెండు నమూనాలకీ అది పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. కోడుని ముందే కంపైలు చేసే స్వెల్ట్ దగ్గర కూడా చిన్న నమూనాలో కనపడిన తేడా పెద్ద యాప్‌లో అలాగే ఉండదు, కాంపోనెంటు కాంపోనెంటుకీ కంపైలయిన కోడు పెరుగుతుంది.

యతిమైత్రి:
"తా నొవ్వక" అని విడదీసి రాసినందుకు సంతోషం. తాను, ఒవ్వక అని విడగొట్టి "తనకు ఇష్టం లేక" అని చెప్పేవాళ్ళున్నారు. నొచ్చు ధాతువు అది. నొప్పింపక పక్కనే నొవ్వక, ఒకటి ప్రేరణం, ఒకటి అప్రేరణం. అందం అక్కడుంది.

శకటరేఫం:
అందరూ మూడో పాదం దాకా వచ్చారు, కీలకం నాలుగోది. తప్పించుకు తిరుగువాడు. ఫ్రేమ్‌వర్కుకి దొరక్కుండా తిరగడం. తేదీల లెక్కలు, ధరల లెక్కలు, ఫారం తనిఖీ నియమాలు, సర్వరుకి వెళ్ళే పిలుపులు: ఇవన్నీ ఉత్త టైప్‌స్క్రిప్ట్ ఫైళ్ళలో ఉండాలి. ఆ ఫోల్డరులో రియాక్ట్ అని గానీ వ్యూ అని గానీ ఒక్క ఇంపోర్టు కూడా కనపడకూడదు, లింటు (కోడు తనిఖీ పనిముట్టు) నియమంతో ఆపేయండి. కాంపోనెంటు పని చూపించడం, నొక్కితే చెప్పడం. అలా ఉంటే రేపు మారాల్సి వచ్చినా తిరగరాసేది తెరల్నే.

యతిమైత్రి:
"తప్పించుక".

శకటరేఫం:
తప్పించుకు అని కూడా అచ్చులో ఉంది.

యతిమైత్రి:
ఉంటుంది. తప్పిం, చుకతిరు, గువాడు: క అన్నా కు అన్నా నలమే (నాలుగు లఘువులే), ఛందస్సు సాక్ష్యం చెప్పదు. కానీ తప్పించుకొని అన్న క్త్వార్థానికి (చేసి, వెళ్ళి లాంటి రూపానికి) కావ్యభాషలో పొట్టి రూపం "తప్పించుక". "కు" వాడుకలోంచి ఎక్కింది.

ద్రుతం:
శకటరేఫం గారి సలహా మంచిదే గానీ దాన్ని తప్పించుకోవడమంటే ఒప్పుకోను. కొందరు ఇంకో మెట్టెక్కి, ఫ్రేమ్‌వర్కు పైన సొంత పొర అల్లుతారు. ఏ ఫ్రేమ్‌వర్కైనా ఇమిడేట్టు సొంత బటను, సొంత స్థితి, సొంత రౌటరు. రెండేళ్ళకి ఆ పొరే పత్రాలు లేని, కొత్తవాళ్ళకి తెలియని ఇంకో ఫ్రేమ్‌వర్కు అవుతుంది. లెక్కల్ని వేరు చేయండి, తెరల్ని మాత్రం ఎంచుకున్నదాని పద్ధతిలోనే నిస్సంకోచంగా రాయండి.

వట్రసుడి:
ఈ శతకంలోనే మీ పత్రానికి ఇంకా తగిన పద్యం ఉంది. అక్కరకు రాని చుట్టము, మ్రొక్కిన వరమీని వేల్పు, మోహరమున దా నెక్కిన బారని గుఱ్ఱము. మోహరమంటే యుద్ధం కాబట్టి గుర్రం పరుగెత్తదని తెలిసేది యుద్ధంలోనే, కొట్టంలో కాదు. లైబ్రరీకి మాత్రం కొట్టంలోనే తెలుసుకోవచ్చు. చివరి విడుదల ఎప్పుడు, ఫ్రేమ్‌వర్క్ కొత్త వెర్షనుని పియర్ డిపెండెన్సీలో (తనతో కలిసి ఉండాల్సినవాటి జాబితాలో) ఒప్పుకుంటోందా చూడాలి. ఒప్పుకోకపోతే ప్యాకేజీలు దించే ఎన్‌పీఎం 7 నుంచి ఇన్‌స్టాలే ఆగిపోతుంది. అప్పుడు లెగసీ పియర్ డెప్స్ జెండా ఎత్తి దాటేస్తారు చూడండి, అది గుర్రానికి కళ్ళెం బదులు కళ్ళకి గంత కట్టడం. పట్టికా, క్యాలెండరూ మౌసు ముట్టకుండా ట్యాబ్, బాణాలు, ఎస్కేప్‌తో పనిచేస్తున్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

ద్రుతం:
కానీ "గ్రక్కున విడువంగవలయు" అన్నాడు. వెంటనే వదిలెయ్యమని. ఫ్రంటెండ్‌లో గ్రక్కున వదిలితే మునుగుతారు.

వట్రసుడి:
గ్రక్కున అన్నది నిర్ణయానికి, పనికి కాదు. నిర్ణయం ఇవాళ తీసుకుని పాతదాంట్లో కొత్త తెరలు ఆపేస్తారు. తర్వాత పేజీ పేజీగా మార్పు: కొత్త చిరునామాలు కొత్త యాప్‌కి, మిగతావి పాతదానికి, మధ్యలో లాగిన్ కుకీ ఒక్కటే ఉమ్మడి. ఒకే పేజీలో రెండు ఫ్రేమ్‌వర్కులు దింపితే రెండింటి బరువూ వాడేవాళ్ళ మీదే, కాబట్టి గీత పేజీల మధ్యనే గీయాలి.

ద్రుతం:
గ్రక్కున అంటే తటాలున. నిర్ణయమా పనా అన్న విభజన మీరు తెచ్చింది, కవి కాదు.

అరసున్న:
అందరికీ నమస్కారాలు. పత్రంలో నమూనా పరీక్షా, ఆయుర్దాయం తేదీలూ చేర్చాను. సర్వర్ రెండరింగ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. తెర మొదట సర్వర్లో గీసి పంపితే తేదీలు రెండు రకాలుగా కనపడి హైడ్రేషన్ (సర్వరు గీసిన తెరకి బ్రౌజరులో ప్రాణం పోయడం) హెచ్చరిక వస్తోంది.

గసడదవ:
సర్వర్ గడియారం సాధారణంగా యూటీసీలో ఉంటుంది, బ్రౌజరుది స్థానిక కాలం. ఒకే క్షణాన్ని రెండూ రెండు రకాలుగా అక్షరాల్లోకి మారిస్తే పొసగదు. టైమ్‌జోనునీ భాషా ఫార్మాటునీ రెండు వైపులా ఒకటే పేరుతో ఇవ్వండి, లేదా ఆ ముక్కని బ్రౌజరులో తెర మౌంటయ్యాక గీయించండి. సర్వర్లో గీసే నెక్స్ట్, నక్స్ట్, స్వెల్ట్‌కిట్ ఏది తీసుకున్నా ఈ గుంట తప్పదు, కాబట్టి ఎంపికకి ఇది కొలబద్ద కాదు.

అరసున్న:
అయితే తలమీద మూడు, నాలుగు పాదాలు పెడుతున్నాను. ప్రస్తుతం గొడవ లేకుండా పోతుంది.

ద్రుతం:
గొడవ ఉన్న పాదాన్ని వదిలేసి లేనిది పెట్టుకోవడం! సరే.

శకటరేఫం:
తప్పించుకు.

యతిమైత్రి:
తప్పించుక. ధన్యుఁడులో మీ పేరు మరిచిపోకండి. పత్రానికి వాడని అక్షరాలు తీసేసి ఫాంటుని కుదించి పెట్టుకుంటుంటే అందులో ఆ గుర్తు మిగిలిందో లేదో చూసుకోండి, లేకపోతే ఆ ఒక్క అక్షరం వేరే ఫాంటులో పడుతుంది.